అమెరికా గేదెలు

ఆ పొద్దున్న ఫిలిప్పు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దుటి రైలుకి ప్రొఫెసర్ గాయత్రి గారు దిగుతారు. అరకు స్టేషనుకి దగ్గర్లోని ఊళ్లో కాఫీ రైతులు ఆవిడ ముందు ఉత్తుత్తి ప్రపంచ వాణిజ్య సభ జరుపుతారు. సభ విఫలమవుతుంది. ఆవిడ మెచ్చుకుని మధ్యాహ్నం తిరుగు రైలెక్కేస్తారు. ఫిలిప్పు డాక్టర్ ఫిలిప్పు అయిపోతాడు.

అతను అరకులోయలో ఒక కాలేజీలో పాలిటిక్స్ లెక్చరరు. అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రంలో అతని పరిశోధన మొదలైనప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికెళ్తున్నారు. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం అని నియమం పెట్టుకున్న ప్రపంచ సంస్థల్లో, నచ్చని మాట వస్తే పెద్ద దేశాలు లేచి వెళ్లిపోతాయని, వాటినెవరూ ఏమీ చెయ్యలేరని అతని సిద్ధాంతం. గడువు ఈ నెలతో సరి, ఇంక పొడిగించేది లేదని యూనివర్సిటీ తేల్చేసింది. బయటి పరీక్షకురాలైన గాయత్రి గారు సరేనంటే పట్టా, కాదంటే ఇన్నేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే. ఆవిడేమో, చివరి అధ్యాయం కాఫీ రైతుల చేత ఉత్తుత్తి సభలు జరిపించి రాశానన్నారు కదా, నాకూ చూపించండి అన్నారు.

"ఈసారైనా పాసవ్వండి," అంది భార్య సోఫియా, చొక్కా ఇస్త్రీ చేస్తూ. "మీ కోసం ప్రార్థన చెయ్యమంటే పాస్టరుగారు మళ్లీ అదేనా అమ్మా అంటన్నారు. సిగ్గేస్తంది నాకు."

ఊళ్లో ఏర్పాట్లన్నీ ముందే అయిపోయాయి. ఊరి పెద్ద సుక్రు అమెరికా. యర్రమ్మ బ్రెజిల్. భీముడు ఉగాండా. కాఫీ ధర పెంచమని ఉగాండా అడుగుతుంది, అమెరికా కోపంగా లేచి వెళ్లిపోతుంది, అంతే నాటకం. సహజంగా ఉండాలని ఫిలిప్పు ఒక్క సలహా మాత్రం ఇచ్చాడు. "మీ ఊరి పంచాయతీ ఎలా మొదలెడతారో అచ్చం అలాగే మొదలెట్టండి."

"అచ్చం అలాగేనా మేస్టారూ?" అని సుక్రు రెండుసార్లు అడిగాడు.

"అచ్చం అలాగే," అన్నాడు ఫిలిప్పు. మనిషి కొంప మునిగేది ఇలాంటి చిన్న మాటలతోనే.

గాయత్రి గారు వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని, రైతులతో సమానంగా చాప మీద కూర్చుని, నిరాడంబరతను చాటుకున్నారు. సుక్రు దేవత రాయి ముందు గుప్పెడు బియ్యపు గింజలు వేసి దణ్ణం పెట్టాడు. ఫిలిప్పు గర్వంగా చూశాడు. సభ మొదలైంది.

ఉగాండా ధర అడిగింది. అమెరికా ఇవ్వనంది. ఇక లేచి వెళ్లాలి. అమెరికా లేవలేదు. ఫిలిప్పు వెనకనుంచి వంగి, "లే సుక్రూ, లేచెళ్లిపో," అని గుసగుసలాడాడు.

"ఎలాగెల్తాను మేస్టారూ? గింజలేసినాం కదా. ఒప్పుదల కాకుండా లేసినోడు మేకియ్యాల."

"ఇది నాటకం కదయ్యా!"

"దేవతకి నాటకమేటి, నిజమేటి?"

అది వినగానే భీముడికి హుషారొచ్చింది. గింజలు నిజమైనవైతే పంచాయతీ కూడా నిజమైనదే. "అలాగైతే నాదొక మాటుంది. పోయినేడు అమెరికా గేదెలు మా ఉగాండా రాగి సేలో పడి సోళ్లన్నీ మేసేసినాయి. దాని సంగతేటి?"

"కంచెయ్యకపోతే గేదేటి సేత్తాది?" అంది అమెరికా.

"అమెరికా గేదెలు మా బ్రెజిల్ ఊటలోనా దిగి నీళ్లు పాడుసేత్తన్నాయి," అని యర్రమ్మ అందుకుంది.

ఫిలిప్పుకి చెమటలు పట్టాయి. గాయత్రి గారు మాత్రం మురిసిపోతూ రాసుకుంటున్నారు. "అద్భుతం, ఫిలిప్ గారూ! అగ్రదేశాల వ్యవసాయ సబ్సిడీలను గేదెలతో పోల్చడం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు."

పోలిక కాదని చెప్పే ధైర్యం ఫిలిప్పుకి లేకపోయింది. గేదెల మీద వాదన మధ్యాహ్నం దాకా సాగింది. గాయత్రి గారు వాచీ చూసుకుని లేవబోయారు. ఊరంతా ఒక్కసారి గోలపెట్టింది.

"మేడమ్మా, లేవకు! మేక పడతాది!"

"నేను పరిశీలకురాలినండీ."

"సాపమీద కూకున్నావు కదా, నువ్వూ పంచాయతీ మనిసివే. కుర్సీ యేస్తే నువ్వే వొద్దన్నావు."

"సరే, మేక ఖరీదు ఇచ్చేస్తాను."

"కొన్న మేక సెల్లదు. మీ ఇంట పెరిగిందే అవ్వాల."

"మాది మూడో అంతస్తు," అని గాయత్రి గారు నీరసంగా కూర్చున్నారు.

"మేడమ్మది ఏ దేశం?" అని భీముడు అడిగాడు. ఫిలిప్పు కంగారులో ఐక్యరాజ్యసమితి అనేశాడు. అదెక్కడని అడిగితే, దేశం కాదు, దేశాలన్నిటికీ పెద్ద అన్నాడు. అయితే తీర్పు ఆవిడే చెప్పాలని అందరూ తేల్చారు.

వివాదాల పరిష్కారం మీద ఆవిడ లావుపాటి పుస్తకాలు రాసి ఉన్నారు. గొంతు సవరించుకుని, దీనిపై కమిటీ వేద్దామన్నారు.

"కమిటీ ఏటి మేడమ్మా? బేగి సెప్పు, ఆకలేత్తంది," అంది యర్రమ్మ.

అమెరికా గేదెలను కట్టేసుకోవాలని, ఉగాండాకి బస్తా చోళ్లు ఇవ్వాలని ఆవిడ తీర్పు చెప్పారు. అమెరికా ఒప్పుకోలేదు. ఇంతలో స్టేషను వైపునుంచి రైలు కూత వినబడి, మెల్లగా దూరమైపోయింది. ఆ తరవాత చాలాసేపటికి ఎవరింట్లోనో కోడికూర వాసన రావడంతో అమెరికా దిగొచ్చింది.

పంచాయతీ ముగిసిందనడానికి గుర్తుగా సుక్రు గింజలు ఎత్తబోతుండగా, రైలు పోయిన కసి అంతా గాయత్రి గారి నోట బయటపడింది. "ఫిలిప్ గారూ, పెద్ద దేశం లేచిపోతుందని కదా మీ సిద్ధాంతం? ఇక్కడ లేచిందా?"

"లేదండి."

"మీరు చూపించిన ఊరే మిమ్మల్ని తప్పంటోంది. చివరి అధ్యాయం నిలబడదు. నేను పాస్ చెయ్యలేను."

ఫిలిప్పు చాప అంచు మీద కూలబడ్డాడు. ఇంటికెళ్లి సోఫియాకి ఏం చెప్పాలో తెలియలేదు. పెళ్లాం బిడ్డలతో సరదాగా గడపని సెలవులన్నీ గుర్తొచ్చాయి. అంతమందిలో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

సుక్రు చెయ్యి ఆగిపోయింది. "ఏటయ్యింది మేస్టారూ?"

"పట్టా ఇవ్వనంటున్నారు సుక్రూ."

"నువ్వు కావాలంటన్నావు, ఆవిడ కాదంటంది. అంటే ఒప్పుదల అవ్వలేదన్నమాట." సుక్రు గింజల మీదనుంచి చెయ్యి తీసేసి, చాప మీద తీరిగ్గా చతికిలబడ్డాడు. లేవబోయినవాళ్లందరూ మళ్లీ కూర్చున్నారు. యర్రమ్మ చుట్ట ముట్టించింది.

గాయత్రి గారు అటూ ఇటూ చూశారు. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది. చలి మొదలైంది. అమెరికా, ఉగాండా, బ్రెజిల్ ఆవిడ కేసి ఓపిగ్గా చూస్తున్నాయి.

"చివరి అధ్యాయం మార్చి రాస్తారా?" అన్నారు ఆవిడ.

"ఈ వారంలోనే రాస్తానండి."

"అయితే సరే. పాస్."

"మనసారానేనా మేడమ్మా?" అన్నాడు సుక్రు.

"మనసారానే," అన్నారు గాయత్రి గారు, బస్సు ఎన్నింటికో కనుక్కుంటూ.

నెల తిరక్కుండా ఫిలిప్పుకి పట్టా వచ్చింది. పరీక్షకురాలి నివేదికలో, అభ్యర్థి పరిశోధన పద్ధతి తిరుగులేనిదని, దాన్ని ఇంకెవరికీ నేర్పవద్దని ఉంది.