గెలిచి చెడగొట్టాడు

మానవజాతి చేపట్టిన నిర్మాణాలన్నిటిలోకీ గొప్పది మా పోర్ట్ డన్‌మోర్ ఫుట్‌బాల్ జట్టు పునర్నిర్మాణం. చైనా వాళ్ళు గోడ కట్టారు, ఈజిప్టు వాళ్ళు పిరమిడ్లు కట్టారు, కానీ ఇద్దరూ ఒక తెలివితక్కువ పని చేశారు. పూర్తి చేసేశారు. మా వాళ్ళు అంత తొందరపాటు మనుషులు కారు. పునర్నిర్మాణం మొదలైన ఏడాది పుట్టిన పిల్లవాడొకడు పెరిగి పెద్దవాడై, పళ్ళ డాక్టరై, మొన్ననే రిటైరయ్యాడు. (నా పై వరస పళ్ళన్నీ పీకింది ఆయనే. వాటి పునర్నిర్మాణం మాత్రం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.)

జట్టు పేరు మాలర్డ్స్, అంటే అడవి బాతులు. ఊళ్ళో అందరం బాతులనే అంటాం. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. ఇనప బుర్రల్లాంటి టోపీలు పెట్టుకుని ఒకడి మీద ఒకడు పడుతూ, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుకునే మా ఫుట్‌బాల్. ఆ విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. మా మేయరు పేరు తెలియని వాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. క్వార్టర్‌బ్యాక్ పేరు తెలియనివాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే మేయర్ని అంత తరచుగా తిట్టనక్కర్లేదు.

ఈ ఆటకో ధర్మం ఉంది. ఏడాది మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఓడినవాళ్ళకే, ఏప్రిల్లో జరిగే డ్రాఫ్టులో కాలేజీ కుర్రాళ్ళందరిలోకీ మెరికని ముందుగా ఏరుకునే హక్కు వస్తుంది. తరగతిలో ఆఖరున నిలిచినవాడికి బహుమతులన్నీ ముందు చూపించినట్టు. దీని మీద బాగా ఆలోచించాక మా ఊరి పెద్దలకి జ్ఞానోదయమైంది. సరిగ్గా ఓడిపోవాలంటే ప్రణాళిక కావాలి.

అందుకని జట్టు ఆఫీసులో పునర్నిర్మాణానికి ప్రత్యేకంగా ఓ అంతస్తు కేటాయించారు. దానికి అధిపతి ప్రెస్టన్ లవ్‌జాయ్ గారు, సహన వ్యవహారాల ఉపాధ్యక్షుడు. ఏటేటా టీవీలో కనబడి "ఇంకా పునాది దశలోనే ఉన్నాం" అని చెప్పడం ఆయన ఉద్యోగం. (పునాది ఎంత లోతుకి పోయిందంటే, భూమికి అవతలి పక్క ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోందట.)

కోచ్ నియామకానికి ఆఫీసు వారు పాటించే సూత్రం తేలిక. పోయినవాడు అరిచేవాడైతే వచ్చేవాడు కౌగిలించుకునేవాడై ఉండాలి. కౌగిలించుకునేవాడు పోతే మళ్ళీ అరిచేవాడు. అరుపుల మెక్‌గ్రా ఆటగాళ్ళ గుండెలదరగొట్టి ఓడించాడు. కౌగిళ్ళ సింప్కిన్స్ వీపు నిమిరి ఓడించాడు. ఆ తర్వాత టైలర్ బీచమ్ వచ్చాడు. ఆయనకి అరవడమూ రాదు, కౌగిలించుకోవడమూ రాదు. కానీ కాలిఫోర్నియాలో ఓ మహా కోచ్‌తో కలిసి ఒకసారి లిఫ్టు ఎక్కాడు. ఆ లిఫ్టులో ఏం నేర్చుకుని ఉంటాడో అన్న ఆశతో మా వాళ్ళు ఆయన్ని పదవిలో కూర్చోబెట్టారు. (ఆ లిఫ్టు నడిపినవాణ్ణి కూడా సహాయ కోచ్‌గా తెచ్చారని చెప్పుకుంటారు. ఆయన చేతిలో పెట్టిన విభాగమొక్కటే కాస్త పైకి వచ్చింది.)

అయితే అసలు నిర్ణయాలు జరిగేది ఆఫీసులో కాదు, గ్రాంట్ వీధిలో మా స్లోవక్ హాల్ బారులో. అక్కడ ఇద్దరు మహామంత్రులున్నారు. ఒకడు ఓట్టో ప్రిబిల్, రేవులో క్రేను నడిపి రిటైరైనవాడు. రెండోవాడు లూథర్ గ్రీన్‌లీ, ఓట్టో చెల్లెల్ని చేసుకున్నవాడు. డ్రాఫ్టులో ముందు క్వార్టర్‌బ్యాక్‌నే ఏరుకోవాలని ఓట్టో సిద్ధాంతం. ముందు వరసలో అడ్డంగా నిలబడే భారీ మనుషుల్ని ఏరుకోవాలని లూథర్ సిద్ధాంతం. వీళ్ళిద్దరి వాదన లూథర్ పెళ్ళి విందులో మొదలైంది. కేకు ఇంకా కొయ్యలేదని నా అనుమానం.

"ఒరే బావా, ముందు ఎద్దుల్లాంటోళ్ళని తెచ్చుకోవాల్రా. వాళ్ళు అడ్డం నిలబడకపోతే నీ వాండర్‌వీన్ గాడు బంతి ఎక్కణ్ణించి విసురుతాడు? అంబులెన్సులోంచా?"

"నీ మొహం. ఎద్దుల్ని కట్టేసి బండి కొనడం మర్చిపోయే రకం నువ్వు."

"బండి కొని కొనీ కదా ఇలా ఏడ్చాం! పోయినసారి నువ్వు మెచ్చినోడు ఏమయ్యాడు? గోల్ఫ్ పాఠాలు చెప్పుకుంటున్నాడు."

"వాడి అరచెయ్యి చిన్నది. నేనప్పుడే చెప్పా."

"అప్పుడు నువ్వు వాడి పేరు పెట్టి కుక్కపిల్లని పెంచావు కదరా!"

వాండర్‌వీన్ అంటే కోల్బీ వాండర్‌వీన్, అయోవాలో చదువుకునే కుర్రాడు, ఆ ఏటి డ్రాఫ్టులో అందరి కళ్ళూ పడ్డ క్వార్టర్‌బ్యాక్. అతని బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఎంతో, మోకాలి చిప్ప ఏ రంగో, పెందరాళే పడుకుంటాడో లేదో మా బారులో అందరికీ కంఠతా వచ్చు. ఓట్టో అతని అరచేతి ఆకారాన్ని ప్లైవుడ్డు మీద కోయించి తలుపు పక్కన మేకుకి తగిలించాడు. లోపలికొచ్చే ప్రతివాడూ దాని మీద తన చెయ్యి ఆనించి, నిట్టూర్చి, బీరు తెమ్మనాలి. (ఓట్టోకి మనవలున్నారు. ఎంతమందో వాళ్ళావిణ్ణి అడగాలి.)

ఇక బారు నిబంధనలు. డిసెంబరు దాకా అందరూ గెలుపు కోరుకోవాలి. డిసెంబరు వచ్చాక ఓటమి కోరుకోవాలి. బాతులు పొరపాటున పాయింట్లు సాధిస్తే ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, దగ్గొచ్చు. ఎదుటి జట్టు చొక్కా వేసుకోవడం ద్రోహం. ఎదుటి జట్టుని గెలిపించమని చర్చిలో కొవ్వొత్తి వెలిగించడం వ్యూహం.

ఆ జనవరిలో ఏడాది ఆఖరి ఆట మా ఊళ్ళోనే పడింది. ఎదుటివాళ్ళు నది అవతలి గ్రిజ్లీస్, మేం ఎలుగులంటాం. వాళ్ళూ సరిగ్గా మేం ఓడినన్ని ఆటలే ఓడారు. అంటే ఈ ఆట ఓడినవాడికే వాండర్‌వీన్. ఎలుగుల ఆఫీసులోనూ పునర్నిర్మాణానికి ఓ అంతస్తు ఉంది. మా కంటే పెద్దదని వినికిడి.

శుక్రవారం నాడు లవ్‌జాయ్ గారు ప్రకటన చేశారు. మొదటి క్వార్టర్‌బ్యాక్ మోచేతిలో ముందుజాగ్రత్త కనబడిందట. రెండోవాడికి జలుబు చేసేలా ఉందట. కాబట్టి యువతకి అవకాశమిచ్చే సదుద్దేశంతో, మూడోవాడైన క్లేటన్ ట్రెంట్‌ని దింపుతున్నారట. (ఆ యువకుడికి అప్పటికే నుదురు వెనక్కి జరిగింది.)

"అబ్బ! ఇదీ మెదడంటే!" అని ఓట్టో బల్ల గుద్దాడు. "ఇంతకంటే చెత్తోడు ఈ రాష్ట్రంలో దొరకడు!"

అంతలో వంటగది కిటికీలోంచి విల్మా తల కనబడింది. విల్మా ట్రెంట్ మా బారులో చేపలు వేయిస్తుంది. క్లేటన్ ఆమె కొడుకు. స్టేడియం గోడ పక్క వీధిలోనే పుట్టి పెరిగాడు. ఏళ్ళుగా బాతుల్లోనే ఉన్నా ఆటలో కాలుపెట్టలేదు. సాధన చేసేటప్పుడు ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ వేషం కట్టి, మన వాళ్ళ చేత కింద పడేయించుకోవడమే అతని పని.

"చెత్తోడంటే అలా కాదు విల్మా," అన్నాడు ఓట్టో. "మంచి చెత్తోడు."

విల్మా జల్లిగరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఓట్టో, వాడికి ఈ ఒక్క ఆటే ఉంది. దీంతో కాంట్రాక్టు అయిపోద్ది. బాగా ఆడితే ఇంకెవరన్నా పిలుస్తారు. లేకపోతే సోమవారం నించి మా తమ్ముడి టైర్ల షాపే. చిన్నప్పటి నించీ వాడు వేరే ఏం కోరుకోలేదు, నీకు తెల్సు."

బారంతా కదిలిపోయింది. మేం రాళ్ళం కాదు. అప్పటికప్పుడు సభ చేరి, చేతులెత్తించి, ఒక తీర్మానం చేశాం. ఓట్టో లేచి నిలబడి దాన్ని ప్రకటించాడు.

"క్లేటన్ బాగా ఆడొచ్చు. మాకేం అభ్యంతరం లేదు. గెలవకుండా ఆడమను."

"అంటే?"

"బంతి బ్రహ్మాండంగా విసరమను. అందరిచేతా ఔరా అనిపించమను. ఆఖర్న పడిపొమ్మను. వాడికి పేరొస్తుంది, మాకు వాండర్‌వీన్ వస్తాడు. నువ్వు ఫోన్ చేసి చెప్పు, తల్లి మాట వింటాడు."

"ఏమని చెప్పను? ఓడిపో నాన్నా, ఇక్కడ తాగేవాళ్ళు ఆశపడుతున్నారు అనా?"

"మర్యాదగా చెప్పు," అన్నాడు లూథర్.

ఆమె ఫోన్ చెయ్యలేదు. లోపలికెళ్ళి చేపలు వేయించుకుంది.

ఆదివారం మధ్యాహ్నం సరస్సు మీంచి అడ్డంగా మంచు కొడుతోంది. ఆట ఎంత మర్యాదగా సాగిందంటే, రెండు జట్లూ బంతిని మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని ఇచ్చిపుచ్చుకున్నాయి. ఎలుగు ఒకడు బంతి పట్టుకుని, దాటితే పాయింట్లొచ్చే గీత దగ్గరికొచ్చి, అవతల అడుగుపెట్టకుండా బూటు లేసు కట్టుకున్నాడు. అయినా వాళ్ళ ఖర్మ కాలి, మంచులో జారి గీత దాటిపోయాడు, పాయింట్లు వచ్చేశాయి. వాళ్ళ కోచ్ తల పట్టుకున్నాడు. మా బారులో టీవీ ముందు మాత్రం పండగ.

కానీ ఆ మైదానంలో ఒకడికి ఈ మర్యాద తెలియదు. క్లేటన్ విసురుతున్నాడు. పడేస్తే లేస్తున్నాడు. ముక్కు మీద నెత్తురు తుడుచుకుని మళ్ళీ విసురుతున్నాడు. బీచమ్ గట్టు మీద నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు, బహుశా లిఫ్టు కోసం.

ఆఖరి నిమిషానికి బాతులు కాస్త వెనకబడి ఉన్నాయి. బంతి క్లేటన్ చేతిలో ఉంది. కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ టోపీలో చెవి దగ్గర వినబడుతుంది. బీచమ్ ఏం చెప్పాడో మాకూ తెలిసింది, ఎందుకంటే గట్టు మీద తనే మోకాలు వంచి చూపించాడు. బంతితో మోకాలి మీద కూర్చోమని. కూర్చుంటే కాలం గడిచిపోతుంది, ఓటమి ఖాయం.

"కూర్చోరా క్లేటన్," అన్నాడు ఓట్టో, దణ్ణం పెట్టినంత పని చేసి. "నా తండ్రి కదూ. కూర్చో."

క్లేటన్ టోపీ మీద రెండుసార్లు తట్టి, వినబడటం లేదని సైగ చేశాడు. విసరడానికి ఎవరూ ఖాళీగా లేరు. (మా వాళ్ళంతా ఎలుగుల చాటున దాక్కున్నారు.) ఇక తనే బంతి చంకన పెట్టుకుని పరుగెత్తాడు. ఎలుగులకి అలవాటు కొద్దీ కోపమొచ్చి ఇద్దరు అతని నడుం పట్టుకున్నారు. ఆ ఇద్దర్నీ ఈడ్చుకుంటూ, చివరి గజం మోకాళ్ళ మీద పాకి, గీత దాటాడు.

బాతులు గెలిచాయి.

బారులో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. వంటగదిలోంచి మాత్రం ఒక కేక వినబడింది, ఆ వెనకే చేప మాడిన వాసన వచ్చింది.

"చంపేశాడు," అన్నాడు ఓట్టో. "పునాది మొత్తం తవ్వి పారేశాడు."

"విల్మా! నీ కొడుకు ఊరి కొంప ముంచాడు!" అని లూథర్ అరిచాడు.

విల్మా కిటికీ దగ్గరికొచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు. "లూథర్, నీ చొక్కా మీద ఏ జట్టు పేరుందో ఒకసారి చదువు."

"అది వేరు, ఇది వేరు. నీకు వ్యూహం అర్థం కాదు."

"నిజమే. నాకు పాయింట్లు లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు."

సోమవారం పొద్దున్నే క్లేటన్‌ని తీసేశారు. అతని గెలుపు జట్టు దీర్ఘకాలిక దృష్టితో పొసగలేదని లవ్‌జాయ్ గారు చెప్పారు. ఓడిపోయే ఆట మీద పట్టు తప్పినందుకు బీచమ్‌ని కూడా పంపేసి, పద్ధతి ప్రకారం ఓ అరిచేవాణ్ణి తెచ్చారు. రేడియోలో జనం క్లేటన్ గురించి మాట్లాడిన మాటలు నా లాంటి మొరటువాడు కూడా పిల్లల ముందు చెప్పలేడు. వేరే జట్లు పిలుస్తాయేమోనని విల్మా ఫోన్ ఏప్రన్ జేబులోనే పెట్టుకు తిరిగింది. ఒక జట్టు వాళ్ళు చేశారు గానీ, వాళ్ళూ పునర్నిర్మాణంలోనే ఉన్నారట. "చెప్తే వినడటగా మీవాడు?" అని అడిగి పెట్టేశారు.

క్లేటన్ మేనమామ షాపులో టైర్లు బిగిస్తున్నాడు. పని బాగా చేస్తాడని పేరు. ఓట్టో మాత్రం తన బండిని పక్క ఊరు తీసుకెళ్ళి టైర్లు మార్పించుకొచ్చాడు, సూత్రం కోసం.

ఏప్రిల్లో డ్రాఫ్టు రోజున బారు కిక్కిరిసింది. వాండర్‌వీన్‌ని ఎలుగులు ఎగరేసుకుపోయారు. లూథర్ ఎద్దుల కోసం, ఓట్టో బండి కోసం గొంతులు చించుకుంటుండగా మా వంతు వచ్చింది. ఎవరూ పేరు వినని ఓ క్వార్టర్‌బ్యాక్‌ని పిలిచారు, నెబ్రాస్కా వాడు, మార్షల్ కెంప్. గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు లవ్‌జాయ్ గారు తెర మీదికొచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఈ కుర్రాణ్ణే ఎందుకంటే, కిందటేడు వాళ్ళ కాలేజీకి ఎందుకూ పనికిరాని ఒక ఆట ఉండింది. జ్వరంతో ఉన్నాడు. కోచ్ చాలు, వచ్చెయ్యమన్నాడు. రానన్నాడు. ఆడి గెలిపించాడు. ఇతనికి ఓడిపోవడం చేతకాదు. ఇన్నేళ్ళూ మా జట్టులో లేనిది అదే."

బారంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. లూథర్ ఎద్దుల్ని మర్చిపోయి ఈల వేశాడు. అప్పుడే వేడి వేడి చేపల పళ్ళెం తెచ్చి బల్ల మీద పెడుతున్న విల్మా చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళతో ఓట్టో అన్నాడు:

"ఇలాంటోడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మనూళ్ళో పుట్టుంటేనా, విల్మా!"