బాణం కదలని కొట్టు

మనిషి చేతిలో టేపు సాగుతుందనీ, కుంచించుకుపోతుందనీ, మౌస్‌కు మాత్రం అంతటి లోకజ్ఞానం లేదనీ కొలతల శాఖ కనిపెట్టిన రోజున నాగరికత ఒక మెట్టు పైకెక్కింది. ఊళ్లోని టేపులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. (ఆ బీరువా గుమ్మంలో పడుతుందో లేదో చూసుకోవడానికి ఒక టేపును మినహాయించారు.)

కొత్త పద్ధతి సులువే. కంప్యూటర్‌ను తోపుడు బండి మీద తెస్తారు. కొలతల అధికారి, కొట్టు వెనక గోడ నుంచి వీధి మెట్టు దాకా వంగి నేల మీద మౌస్ జరుపుతాడు. తెర మీద బాణం ఎంత పోతే కొట్టు అంత. తెర దాటిన మేరకు కూల్చేస్తారు.

అందరూ కత్తెరన్న అని పిలిచే బార్బర్ కొట్టుకు అధికారి భోజనాల వేళకు వచ్చాడు. ఆకలి మీద మౌస్‌ను ఒక్క ఊపున లాగాడు. మౌస్‌ది ఒక గుణం: వేగంగా లాగితే బాణం ఇంకా దూరం ఉరుకుతుంది. (దీన్ని శాఖవారు ‘సిబ్బంది ఉత్సాహం’గా గుర్తించారు.) అలా, తండ్రి కట్టిన నాటి నుంచి ఇటుక కదలని కొట్టు పెరిగి తెర దాటింది. వీధివైపు కుర్చీ ఉన్న మేర కూల్చాలని నోటీసు అంటించారు. ఉన్నవి రెండే కుర్చీలు. వెనకది కాలు విరిగి, తువ్వాళ్లు ఆరేయడానికి పనికొస్తోంది.

“గోడలు పెరగవు కదా సార్?” అన్నాడు కత్తెరన్న.

“గడ్డాలు పెరగడం లేదా?” అన్నాడు అధికారి జాలిగా.

పక్కన బట్టల షోరూంలో నేలంతా తళతళలాడే నల్లరాయి. తళతళలాడే నేల మౌస్ కంటికి ఆనదు. అధికారి మోకాళ్ల మీద ఆ చివరి దాకా పాకినా బాణం ఉలకలేదు, పలకలేదు. నాలుగంతస్తుల షోరూం పొడవు సున్నా అని రాసుకుని, చట్టానికి ఇంతగా ఒదిగినందుకు యజమానిని అభినందించాడు.

ఇదంతా గుమ్మంలోంచి చూసిన కత్తెరన్న భార్య అన్నం వడ్డిస్తూ అంది. “వాళ్లకు రాయి ఉంటే మనకు అద్దం లేదా? గోడ మీంచి దించి నేల మీద పెట్టు.”

కత్తెరన్న మళ్లీ కొలవమని అర్జీ పెట్టాడు. అధికారి అద్దం మీద మౌస్ జరిపాడు, పనిలో పనిగా ముఖం చూసుకున్నాడు. బాణం కదల్లేదు. సున్నా అంటూ నోటీసు చింపేశాడు. కత్తెరన్నకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కముందే కరెంటు తీసేశారు. లేని కొట్టులో దీపం ఎవరికని కరెంటువారి ప్రశ్న. వెనకే ఇంకో కాగితం వచ్చింది: కొలతల్లో ఇది ఖాళీ స్థలమని తేలినందున, షోరూంవారి కార్లు నిలుపుకునేందుకు కేటాయించడమైనది.

కాగితం పట్టుకుని బయల్దేరబోతే అధికారే ఎదురొచ్చాడు. సాయంత్రం శాఖవారు తనకు సన్మానం చేస్తున్నారనీ, మీసం సరిచెయ్యమనీ పనికొచ్చే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు.

కత్తెర ఆడిస్తూనే అడిగాడు కత్తెరన్న. “వాళ్లదీ సున్నానే కదా సార్?”

“వాళ్లది పెద్ద సున్నా అయ్యా.” అధికారి గడ్డం పైకెత్తాడు. “కబుర్లలో పడి చెయ్యి జారనీకు. రెండు వైపులా సమానంగా రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను.”