గిరి మెడలో గొలుసు, శివకుమారి గొంతులో దరువు

ఆదివారం ఉదయం గిరి వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, టీ, ఒక ఫోటో, ఆ తర్వాత డ్యూటీ బస్సు. టీ చల్లారేలోపు ఫోటో అయిపోతుందనుకున్నాడు.

ఫోటో గురువారం సాయంత్రం ఇవ్వాల్సిన ప్రసంగం కోసం. గల్ఫ్‌లోని లుసైల్‌లో టవర్లు కట్టే ఒక కంపెనీలో గిరి ఫైళ్ళు సర్దే గుమస్తా. కొత్త కార్మికులకు భద్రతా పాఠాలు చెప్పే ట్రైనర్ ఉద్యోగం అక్కడ ఖాళీ అయింది. ఆ గ్రేడుకి ఫ్యామిలీ వీసా ఇస్తారు. పెళ్ళయినప్పటి నుంచీ కదిరి దగ్గరి పల్లెలో ఉన్న భార్య శివకుమారిని ఫోన్ తెర మీదే చూసుకుంటున్న గిరికి ప్రపంచంలో అంతకంటే పెద్ద ఉద్యోగం లేదు.

ట్రైనింగ్ మేనేజర్ సయీదా మేడమ్‌ది ట్యునీషియా. నిద్రపోయేవాళ్ళను మేలుకొలిపినవాడే ట్రైనర్ అన్నది ఆమె సిద్ధాంతం. అందుకే పోటీదారులను భద్రత గురించి అడగలేదు. డబ్బాలోంచి చీటీ తీయించి, వచ్చిన విషయం మీద మాట్లాడమంది. కేరళ అతనికి ఫుట్‌బాల్ వచ్చింది. నేపాల్ అతనికి టీ వచ్చింది. గిరికి "పేరుమోసిన ర్యాపర్లు హిప్‌హాప్ దారిని ఎలా మలిచారు" అని వచ్చింది.

గిరి వాళ్ళ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు. తెలియని విషయం ఎదురైతే బట్టీ పట్టడం ఒక్కటే అతనికి తెలిసిన దారి. డ్యూటీ బస్సులో చెవుల్లో వైర్లు పెట్టుకుని విన్నదంతా, అల్ మన్సూరాలోని గదికొచ్చి, తనతో ఆ గదిలో ఉండే హన్మాండ్లుకి అప్పజెప్పేవాడు. హన్మాండ్లు నిజామాబాద్ జిల్లావాడు. అదే కంపెనీలో స్కాఫోల్డింగ్, అంటే పరంజా, కడతాడు.

"మొదట్లో అన్నా, న్యూయార్క్ వీధి పార్టీల్లో రికార్డులు తిప్పేవాడే హీరో. మైకు పట్టినోడు ఉత్త జనాన్ని ఉషారు చేసేకే ఉండేవాడు. పోతాపోతా మైకు పట్టినోడే హీరో అయినాడు. ఒకడు తన వీధి కష్టాలు చెప్తే హిట్టయింది. అందరూ వాళ్ళ వీధి కష్టాలు చెప్పబట్టిరి. ఇంకొకడు మెడనిండా బంగారం, పెద్ద కారు చూపించినాడు. ఇంక అందరికీ గొలుసులే. ఆమీద ఒకడు గొంతును మిషన్లో ఏసి, ఏడుస్తా పాడినాడు..."

"అందరు ఏడ్వవట్టిండ్రు."

"అంతే!"

"గిదేం కొత్త ముచ్చట తమ్మీ? మా ఊర్ల ఒకడు పసుపేసి బాగుపడితె ఊరంత పసుపే ఏస్తది. మల్ల రేటు పడిపోతది, గప్పుడు అందరు ఏడుస్తరు."

గిరి ఆ పసుపును కూడా ప్రసంగంలో కలిపేశాడు. దరువు వేసే పని హన్మాండ్లుకి అప్పగించాడు. వాయిద్యం ఖాళీ వాటర్ క్యాన్.

"అన్నా, ఒకటే మాట. నేను తడబడినా, కరెంటు పోయినా, ఏం జరిగినా దరువు మాత్రం ఆపొద్దు."

"గణపతి నిమజ్జనంల వాన పడ్డా ఆపలే. ఈడ ఆప్తనా?"

ఇక మిగిలింది బంగారు గొలుసుల భాగానికి ఒక ఫోటో. సందు చివరి చవక దుకాణంలో తాడంత లావు గొలుసు, నల్లద్దాలు దొరికాయి. ఆ ఆదివారం ఉదయమే సందులోని లాండ్రీకి బట్టల కోసం మహబూబ్ వచ్చాడు. గిరి వాళ్ళ ఊరివాడే. అల్ అజీజియాలో ఒక ఇంటికి డ్రైవరు, ఆ ఇంటి యజమానిని బాబా అంటాడు. అతను తెచ్చిన తెల్ల ల్యాండ్ క్రూజర్ పక్కన గిరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గిరన్నా, ఆనుకోగాకు! గీత పడిందంటే మా బాబా నన్ను ఇమానం ఎక్కిస్తాడు" అంటూనే మహబూబ్ తన ఫోన్లో కూడా ఒక ఫోటో తీసుకున్నాడు. 'మా ఊరి హీరో' అని రాసి స్టేటస్‌లో పెట్టాడు. అభిమానంతోనే పెట్టాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ గిరి ఫోన్ చూసుకుంటే శివకుమారి నుంచి ఒకే వాయిస్ మెసేజ్ ఉంది.

"కారు బాగుందే."

శివకుమారి పొడుగ్గా తిడితే భయం లేదు. పొట్టిగా మెచ్చుకుంటేనే ప్రమాదం. గిరి వెంటనే ఉన్న నిజం రాశాడు. "గొలుసు ప్లాస్టిక్. కారు మహబూబ్‌ది."

సాయంత్రానికి మహబూబ్ ఫోన్ చేశాడు.

"ఎంత పని చేస్తివన్నా! కారు నాదని రాసినావంట? నా పెండ్లాం రమీజాకు కొళాయికాడ తెలిసిందంట. సొంత కారు పెట్టుకొని, మిక్సీ అడిగితే రోలుందిలే అంటివే అని ఫోన్ పెట్టేసింది. మళ్ళా ఎత్తల్యా!"

"అయ్యో! నువ్వు తెచ్చిన కారు అని కదప్పా నా అర్థం. మరి ఆమెకేం చెప్పినావు?"

"ఉన్నదే చెప్పినా. కారు బాబాది, గిరన్న ర్యాప్ పాటల కోసరం ఏషం కట్టినాడు, అంతే అని."

ఆ మాట ఊళ్ళో ఎలా తిరుగుతుందో గిరికి తెలుసు. అనుకున్నట్టే మర్నాటికల్లా ఊళ్ళో కొత్త కథ తయారైంది. గిరి ఉద్యోగం వదిలేసి షేకుల విందుల్లో వేషం కట్టి పాడుతున్నాడట. శివకుమారి తండ్రి ఫోన్ చేసి, "డిగ్రీ అల్లుడని ఊరంతా చెప్పుకున్యానే నాయనా!" అని ఫోన్ పెట్టేశాడు. ఆ ఒక్క మాటే గిరికి బాగా తగిలింది.

భార్యకు అంతా వివరంగా చెప్పాలని గిరి పెద్ద మెసేజ్ రాశాడు. న్యూయార్క్ వీధుల దగ్గర మొదలుపెట్టాడు.

"ఇప్పుడు న్యూయార్క్ గూడా పోయొస్తివా?" అని వచ్చింది జవాబు. ఆ తర్వాత గురువారం దాకా ఏమీ రాలేదు.

పోటీకి వినిపించాల్సిన పాటల ముక్కలను కూడా గిరి ఆమె వాట్సాప్‌కే పంపి అక్కడే దాచుకున్నాడు. తేలిగ్గా దొరికేది ఆ పేరే కదా అని. వేళకాని వేళ ఆ డమడమలు అందుకున్న శివకుమారి ఏమనుకుందో ఆ దేవుడికే తెలియాలి.

గురువారం హాలు నిండిపోయింది. ఫుట్‌బాల్ బాగా సాగింది. టీ ప్రసంగానికి సగంమంది నిద్రపోయారు. తర్వాత గిరి గొలుసు వేసుకుని స్టేజీ ఎక్కాడు. ఫోన్‌ను స్పీకర్లకు కలిపాడు. హన్మాండ్లు క్యాన్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. రికార్డులు తిప్పేవాడు అయ్యాడు, వీధి కష్టాలు అయ్యాయి, పసుపు పంట కూడా అయింది. ముందు వరుసలో సయీదా మేడమ్ ఆవలింత ఆపుకుంటోంది.

"ఇక బంగారు గొలుసుల కాలం వినండి" అని గిరి చాట్‌లో అట్టడుగున ఉన్న ముక్కను నొక్కాడు. అది పాట కాదు. అప్పుడే వచ్చిన శివకుమారి మెసేజ్.

"ఏమప్పా గిరప్పా, ఇంటాండావా? గొలుసు మెరిసె, కారు మెరిసె, కండ్లకేమో నల్లద్దం! ఇన్ని మెరుపులు పెట్టుకున్నోనికి ఇంటి దారి కనపడదా?"

గిరి ఆపబోయాడు. చెమట చేతిలోంచి ఫోన్ జారి స్టేజీ కిందికి పోయింది. హన్మాండ్లు ఏం చేయాలో తోచక గిరి వైపు చూశాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. దరువు పెంచాడు.

"వీసా అడిగితే గ్రేడు లేదంటివి! గ్రేడు అడిగితే టైము లేదంటివి! టైము లేనోనికి ఫోటో దిగేకి తీరికెట్లొచ్చె? అంత కారులో అన్ని సీట్లుంటే, పెండ్లానికొక సీటు లేదా? డిక్కీలో ఎక్కమన్నా ఎక్కుతా!"

వెనక వరుసల్లో తెలుగువాళ్ళు ఈలలు వేశారు. భాష రానివాళ్ళు క్యాన్ దరువుకి చప్పట్లు కలిపారు. నిద్రపోయినవాళ్ళందరూ లేచారు. నేపాల్ అతను కుర్చీ ఎక్కాడు.

"నాకు గొలుసొద్దు, కారొద్దు, న్యూయార్క్ అసలే వద్దు! సంకటి చేసి పెడితే తినేకి మనిషి కావాల! ఇంటాండావా?"

అక్కడితో మెసేజ్ అయిపోయింది. హన్మాండ్లు మాత్రం ఆపలేదు. గిరి వెళ్ళి అతని చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

సయీదా మేడమ్ లేచి నిలబడింది. "ఎవరీ ర్యాపర్?"

"నా భార్య, మేడమ్."

"ఏమంటోంది?"

అబద్ధం చెప్పడానికి గిరికి అంత ఇంగ్లీషు అందలేదు. "నన్నెందుకు తీసుకెళ్ళవు అంటోంది మేడమ్. ఈ ఉద్యోగం వస్తేనే వీసా. అది రాలేదని చెబితే నమ్మడం లేదు. ఈ గొలుసు ప్లాస్టిక్."

మేడమ్ కాసేపు నవ్వాపుకోలేకపోయింది. "నువ్వు చెప్పిందంతా మర్చిపోయాను. కానీ ఒక గొంతు వచ్చి హాలంతటినీ తనవైపు తిప్పుకోవడం చూశాను. నీ విషయం అదే కదా! ఉద్యోగం నీది. ఒక షరతు. తెలుగువాళ్ళకి భద్రతా సూచనలు ఆ గొంతులోనే వినిపించాలి."

శివకుమారిని ఒప్పించడానికి వారం పట్టింది. ఒప్పుకున్నాక ఊళ్ళో నుంచే మొదటి సూచన రికార్డు చేసి పంపింది. "ఏమప్పా, హెల్మెట్ యాడ? తలకాయేమన్నా రెండుండాయా నీకి?" లుసైల్ సైటులో రోజూ పొద్దున క్యాన్ దరువు మీద అది మోగింది. తెలుగువాళ్ళు హెల్మెట్ మరవడం మానేశారు. అది చూసి కేరళవాళ్ళు తమలో ఒకరి భార్య చేత తిట్టించుకున్నారు. నేపాల్‌వాళ్ళు అమ్మ చేత తిట్టించుకున్నారు. హన్మాండ్లు దాన్ని పసుపు పంట అన్నాడు. రమీజాకి మిక్సీ చేరాక మహబూబ్ ఫోన్ కూడా మోగడం మొదలైంది.

వీసా వచ్చింది. విమానాశ్రయంలో గిరి గొలుసు వేసుకునే ఎదురెళ్ళాడు. శివకుమారి దాన్ని పైకెత్తి చూసింది. గిరి మెడ చుట్టూ దాని రంగు దిగి పచ్చటి చార పడి ఉంది.

"నిజంగానే ప్లాస్టిక్కే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "మరి కారు?"

"కంపెనీ వ్యాను."

వ్యానులో సైటు నుంచి వస్తున్న మనుషులు కునికిపాట్లు పడుతున్నారు. శివకుమారి ముందు సీట్లో కూర్చుని, ఏసీ చలికి కొంగు కప్పుకుని, "ఏమప్పా, ఆ గాలి రవ్వంత తగ్గిస్తావా?" అంది డ్రైవరుతో.

ఆ గొంతు వినగానే వెనక సీట్లో ఇద్దరు నిద్రలోనే హెల్మెట్లు తీసి తలకు పెట్టుకున్నారు.