పట్టుకునేవాళ్లు లేని కొట్లాట

మా పట్టణ నియోజకవర్గ ఓటర్లంత చైతన్యవంతులు ఈ దేశంలో ఇంకెక్కడా లేరు! ఒకసారి గెలిపించిన పార్టీని మరుసటిసారి గెలిపించిన పాపాన మేము ఇంతవరకూ పోలేదు. ఒకరు ఇంటింటికీ నీళ్లు తెస్తామని గెలుస్తారు. తర్వాతివారు ఆ నీళ్లెక్కడని అడిగి గెలుస్తారు. కొళాయి మాత్రం ఏ పార్టీకీ లొంగకుండా తన ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది.

ఇంత ఘనమైన చరిత్రలో ఏ ఎన్నికలోనూ ఓడిపోని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన మా ఇంటి యజమాని, నూనె అంగడి రామాంజనేయులు శెట్టిగారు. గుంతకల్లు రైల్వేలో రిటైరై వచ్చినప్పటి నుంచీ నేను ఆయన మేడ మీద అద్దెకుంటున్నాను కాబట్టి ఈ విషయంలో నాది ప్రత్యక్ష సాక్ష్యం. శెట్టిగారు తన పెద్దకొడుకు అశోక్‌ను అధికారంలో ఉన్న పార్టీకీ, చిన్నకొడుకు కార్తికేయను అధికారంలోకి రాబోయే పార్టీకీ దానం చేశారు.

"మా ఇంట్లో ఎవడో ఒకడు గెలుస్తానే ఉంటాడు సార్. అంగడికి ఏ బాధా లేదు" అని ఆయన నాతో చాలాసార్లు అన్నారు.

అయితే అన్నదమ్ములు శత్రువులని జనం నమ్మాలి కదా. అందుకోసం బస్టాండు కూడలిలో అప్పుడప్పుడూ ఒక కొట్లాట జరిగేది. దానికొక పద్ధతి ఉంది. అశోక్ చొక్కా చేతులు మడుస్తాడు. అనుచరులు వెనకనుంచి తన నడుము గట్టిగా పట్టుకున్నారని నిర్ధారించుకుంటాడు. ఆ తర్వాతే, "ఇడిసిపెట్టండ్రా నన్ను! వాని సంగతి ఈపొద్దు తేలుస్తా" అని గర్జిస్తాడు. అటువైపు కార్తికేయ కూడా ఎవరో పట్టుకున్నాకే తొడ కొడతాడు. ఎవరూ ఎవరినీ వదలరు. ప్రజాస్వామ్యం వర్ధిల్లుతుంది.

అశోక్‌ను పట్టుకునేవాడు ఓబుళేసు. కార్తికేయను పట్టుకునేవాడు లింగప్ప. వీళ్లిద్దరూ సొంత అన్నదమ్ములే, శెట్టిగారి అంగట్లో హమాలీలు. తల్లి మారెక్క శెట్టిగారింట్లో అంట్లు తోముతుంది. పెద్దింటి కొట్లాట మధ్యాహ్నం భోజనాలతో ముగిసిపోయేది. మారెక్క కొడుకులకు అలా ముగించడం తెలియలేదు. పోయిన ఎన్నికల్లో ఒక ఫ్లెక్సీ చింపిన గొడవలో లింగప్ప తన అన్న చెయ్యి విరగ్గొట్టాడు. అది వంకరగానే అతుక్కుంది. అప్పటినుంచీ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. కొడుకులిద్దరూ ఒకచోట కూర్చుని సంగటి తింటే చూడాలన్నదే మారెక్కకు మిగిలిన కోరిక. చెప్పినప్పుడల్లా ఆమె కళ్లు తుడుచుకునేది.

"శెట్టి కొడుకులిద్దురూ పక్కపక్కనే కూర్చోని తింటార్రా. ఆ తట్టలు కడిగేది నేనే" అని ఆమె కొడుకులకు ఎన్నోసార్లు చెప్పింది.

"మా అశోకన్న అట్లాంటోడు కాదు మా. ప్రాణమన్నా ఇడుస్తాడు గానీ వానితో కలిసి తినడు" అన్నాడు ఓబుళేసు. లింగప్ప తన నాయకుడి గురించి అదే మాట అన్నాడు. కొడుకులిద్దరికీ అభిప్రాయం కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

ఈ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకరోజు కూడలిలో కొట్లాట మహా రక్తి కట్టింది. ఆ మధ్యాహ్నమే మారెక్క నూనె డబ్బాలు లోపల పెట్టాలని చెప్పి, ఒకరికి తెలియకుండా ఒకర్ని శెట్టిగారి పెరటి తలుపు దగ్గరికి పిలిచింది. నేను మెట్ల మీదే ఉన్నాను.

లోపల అశోక్ తమ్ముడికి వడ్డిస్తున్నాడు. "ఇంగో ఓళిగ ఏసుకోరా. ఈపొద్దు బాగా అరిచినావు, గొంతు ఎండిపోయింటాది. నెయ్యి పోసుకో."

"నువ్వు చొక్కా చించుకున్నేది భలే ఉండాదన్నా. ఫోన్లలో బాగా పడింది" అన్నాడు కార్తికేయ.

తలుపు దగ్గర లింగప్ప తన అన్న వంకర చేతినే చూస్తూ నిలబడ్డాడు. మారెక్క డబ్బాలు ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పింది.

మరునాడు ఆమె మేడ మీదికి వచ్చి, "నా కొడుకులిద్దురూ ఒకే తట్టలో సంగటి తిన్నారు సార్" అని ఏడ్చింది. నాకు నిజంగా సంతోషమేసింది.

కానీ ఈ సంఘటన మా నియోజకవర్గానికి పెద్ద విపత్తుగా పరిణమించింది. పెద్దింటి ఓళిగల కబురు, కొట్లాటల్లో పట్టుకునే హమాలీలందరికీ పాకింది. తర్వాతి వారం రెండు పార్టీల పరిశీలకులూ దిగారు. ఈసారి కూడలిలో ఎవరు బలం చూపితే వారికే ఎమ్మెల్యే టికెట్టన్నారు. కూడలిలో జెండాలు వచ్చాయి, డప్పులు వచ్చాయి, జనం వచ్చారు. పట్టుకునేవాళ్లు మాత్రం రాలేదు.

అశోక్ చేతులు మడిచి, అలవాటు కొద్దీ, "ఇడిసిపెట్టండ్రా నన్ను!" అన్నాడు. నడుము మీద ఎవరి చెయ్యీ పడలేదు. వెనక్కి చూశాడు. ఓబుళేసు, లింగప్ప టీ బంకు దగ్గర పక్కపక్కనే నిలబడి టీ తాగుతున్నారు.

"ఇడిసిపెట్టినాం కదన్నా. పో" అన్నాడు ఓబుళేసు నెమ్మదిగా.

ఇక చేసేదేముంది? ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. పరిశీలకుల కార్ల అద్దాలు సగం దిగి ఉన్నాయి. వెనక్కి తగ్గితే టికెట్టు పోతుంది. పాపం, అన్నదమ్ములు ముందుకే నడిచారు. మొదటి దెబ్బ ఎవరిదన్న దానిపై మా ఊళ్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అశోక్ ముందుపన్ను ఊడింది. కార్తికేయ కనుబొమ మీద కుట్లు పడ్డాయి. పరిశీలకులు ఎంతో ముచ్చటపడ్డారు. ఒక పార్టీ త్యాగానికి, మరో పార్టీ తెగువకు టికెట్టిచ్చాయి.

ఇద్దరికీ టికెట్టు వచ్చింది కనుక ఒకరు ఓడక తప్పదు. అన్న తమ్ముడి మీద హత్యాయత్నం కేసు పెట్టాడు. ఆ పన్ను ముందునుంచే కదులుతోందని తమ్ముడు ఎదురు కేసు పెట్టాడు. ఈసారి ఫోన్లు లేనిచోట కూడా వాళ్లు మాట్లాడుకోవడం లేదు. ఇంట్లో వంట రెండు చోట్ల జరుగుతోంది. నాయన అక్కడ తినుంటాడని వీళ్లు, ఇక్కడ తినుంటాడని వాళ్లు అనుకోవడంతో శెట్టిగారికి కొన్ని పూటలు భోజనం కూడా తప్పిపోతోంది.

మొన్న పొద్దున నేను మెట్లు దిగుతుంటే, ఆయన పెరట్లో మారెక్క దగ్గర నిలబడి ఉన్నారు. ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించి అడుగుతున్నారు.

"మారెక్కా, నీ కొడుకులు ఇద్దురూ ఒకచోట కూర్చోని తింటాండారంట కదా. ఎట్ల కలిపినావు వాళ్లను? ఏ దేవునికన్నా మొక్కుకున్నావా?"

మారెక్క చేతిలోని గిన్నె తోమడం ఆపలేదు.

"మొక్కు ఏం లేదు సామీ. వాళ్లకు టికెట్టు ఇస్తామని ఎవురూ రాలేదు, అంతే."