తెర వెనక సంచీ

ఆ గురువారం పొద్దున్నే ఒడెస్సా ప్రూయిట్ మనసులో అంతా సర్దిపెట్టుకుంది. చర్చి కింది గదిలో ఉచితంగా సరుకులిచ్చే చోటికి అందరికంటే ముందు వెళ్ళాలి. ఒక కోడి సంపాదించాలి. ఆదివారం మెంఫిస్ నుంచి వస్తున్న చెల్లెలికి దాన్ని వేయించి పెట్టాలి. సరుకులకని ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ కార్డులో డబ్బులు నెల సగంలోనే అయిపోయాయి, మూడు రోజులుగా ఆమె ఓట్స్ జావతో నెట్టుకొస్తోంది. ఈ సంగతి చెల్లెలికి తెలియడానికి వీల్లేదు. షికాగోలో తనకి ఏ లోటూ లేదని ఏళ్ళ తరబడి ఫోనులో చెబుతూ వచ్చింది మరి.

తీరా బస్సు ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి వరస మెట్లు దాటి వీధి మలుపు దాకా సాగింది. కాళ్ళు పీకేలా నిలబడి, ఎలాగో మెట్లు దిగి లోపలికి చేరేసరికి కనిపించిన దృశ్యం ఆమె ఒళ్ళు మండించింది.

ఆమె ఎదురింటి వర్లీన్ టబ్స్ వరసతో పని లేకుండా గది మధ్యలో చిన్న చక్రాల బండి పెట్టుకుని నిలబడి ఉంది. సరుకుల పంపకం చూసే హార్లాండ్ గేన్స్ తెర వెనక నుంచి మూతి బిగించి కట్టిన పెద్ద సంచీ ఒకటి మోసుకొచ్చి ఆమె బండిలో పెట్టాడు. "బరువుగా ఉంది సిస్టర్, జాగ్రత్త" అన్నాడు మెల్లగా.

గేన్స్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయినా చొక్కా మాత్రం ఇస్త్రీ నలగనివ్వడు. అతని నోట ఒడెస్సా ఇంతవరకూ విన్న మాట ఒక్కటే, "తరువాతివారు." ఆ సంచీ ఉబ్బు చూస్తే అందులో రెండు కోళ్ళకి తక్కువ ఉండవు. పంది తొడ కూడా ఉందేమో. ఆమె కడుపు భగ్గుమంది. అందులో ఆకలి కొంతే.

వెంటనే వెనక నిలబడ్డ మోజెల్ వైపు తిరిగింది. "చూశావా? ఒంట్లో బాగోలేనివాళ్ళకి తెర వెనక వేరే సంచీ ఉందట. ఆవిడకేం జబ్బో మరి, నిన్న మా మేడ మెట్లన్నీ నాకంటే ముందు ఎక్కేసింది."

ఈ మాట ఆమె అప్పటికప్పుడు అల్లింది. మోజెల్ మొదటి సగం మాత్రమే చెవిన వేసుకుని వెనక్కి అందించింది. మాట వరస చివరికి చేరేసరికి కడుపులో బాగోలేనివారికి పంది తొడ, ఒక డజను గుడ్లు ఇస్తున్నారని స్థిరపడిపోయింది.

ముందు ఎవరో దగ్గారు. చేతికర్ర చంకలో పెట్టుకుని కబుర్లు చెబుతున్న ముసలి లూథర్ దాన్ని నేలకి ఆన్చి మూలగడం మొదలుపెట్టాడు. పొద్దుటినుంచీ నిటారుగా నిలబడ్డ మోజెల్ పక్కవాళ్ళ భుజాలమీద వాలిపోయింది. అందరూ ఇలా అవుతుంటే ఒడెస్సాకే అనుమానం వచ్చింది, తను చెప్పింది నిజమేనేమోనని. ఎందుకైనా మంచిదని తనూ కడుపు పట్టుకుంది.

గేన్స్ భయపడ్డాడు. నిన్న ఏం తిన్నారని ఒక్కొక్కరినీ అడిగాడు. సరైన జవాబు చెప్తేనే సంచీ వస్తుందనుకుని అందరూ వినయంగా ఒకటే చెప్పారు: పోయినవారం మీరిచ్చిన కోడి.

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. పంపకం ఆపేస్తున్నానన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేయమని ఎవరికో చెప్పాడు. ఫ్రీజర్లో మిగిలిన కోళ్ళ పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని పెరట్లో చెత్తడబ్బా వైపు నడిచాడు.

ఆ ఒక్క క్షణంలో జబ్బులన్నీ నయమైపోయాయి. లూథర్ కర్ర అక్కడే పడేసి పరుగెత్తాడు. భుజాలమీద వాలిన మోజెల్ ఆ భుజాలనే తోసుకుంటూ అతన్ని దాటిపోయింది. అయినా పెరటి తలుపుకు దగ్గరగా ఉన్నది ఒడెస్సాయే. ఆమె అడ్డంగా నిలబడింది. ఈ కోళ్ళు చెత్తలో పడితే ఇంతమంది ఇళ్ళల్లో ఇవాళ పొయ్యి వెలగదు. నోరు విప్పక తప్పలేదు.

"ఆగండి గేన్స్ గారూ. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ జబ్బు నేను పుట్టించాను."

"ఎందుకమ్మా?"

"వర్లీన్ సంచీ చూసి కళ్ళు కుట్టి."

వర్లీన్ వంగి సంచీ ముడి విప్పింది. లోపల మరకల ఏప్రాన్లు, తడి గుడ్డలు, బల్లలు తుడిచిన తువాళ్ళు. పుల్లని వాసన గుప్పుమంది.

"ఏడాదిగా ఇంటికి మోసుకెళ్ళి ఉతుకుతున్నాను" అంది వర్లీన్. "నీకూ కావాలా సిస్టర్?"

ఇంతమంది చూస్తుండగా వద్దంటే పరువు పోతుంది. "కావాలి" అంది ఒడెస్సా.

గేన్స్ మహదానందంగా గుడ్డల్ని రెండు వాటాలు చేసి, ఒక వాటా వేరే సంచీలో కట్టాడు. అంబులెన్సు వద్దని చెప్పించి మళ్ళీ పంపకం మొదలుపెట్టాడు. ఒడెస్సా వంతు వచ్చినప్పుడు మంచి బలమైన కోడి ఏరి ఇచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. ఇందాక ఆమె కడుపు పట్టుకోవడం అతను కళ్ళారా చూశాడు, ఎవరెంత చెప్పినా ఆ అనుమానం పోలేదు. కౌంటరు లూథర్‌కి అప్పగించి, ఆమె సంచులు రెండూ తానే భుజాన వేసుకుని మెట్లెక్కాడు. బస్సు స్టాపు దాకా నడిచాడు. బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడి, నిజంగా ఏం తింటోందో అడిగి తెలుసుకుని, ఓట్స్ జావ మానేసి కాస్త చారు తాగి చూడమని సలహా కూడా ఇచ్చాడు.

వర్లీన్ తన బండి తానే ఒక్కో మెట్టూ లాక్కుంటూ పైకి వచ్చి ఇదంతా చూసింది. ఈ ఏడాదిలో గేన్స్ తనను కింది మెట్టు దాటి సాగనంపింది లేదు.

ఆ మరుసటి గురువారం నుంచి వర్లీన్‌కి ఒంట్లో బాగుండటం లేదు.