విమానానికి అడ్డొచ్చిన అత్తగారు

పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు ఒక ఉచిత సలహా. అబ్బాయికి ఉద్యోగం ఉందా, పొలం ఉందా అని ఆరా తీయడం మానేయండి. పాత విమానాల ఫోటోలు చూసి వాటి పేర్లు చెప్పగలడా అని అడగండి. చెప్పగలడంటే కళ్లు మూసుకుని ముహూర్తం పెట్టించేయండి! అంతకు మించిన బుద్ధిమంతుడు ఈ గోదావరి జిల్లాల్లో దొరకడు.

నమ్మకం కుదరకపోతే ధవళేశ్వరం వచ్చి జయపాల్ గారిని చూడండి. ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. తాగరు. పేకాట క్లబ్బు గుమ్మం తొక్కరు. ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలించి ఫోన్ పట్టుకుంటే మళ్లీ తలెత్తరు. మొగుడి ఫోన్‌లో ఏముందోనని ఊళ్లో ఇల్లాళ్లంతా బెంగపెట్టుకుంటుంటే, ఆయన భార్య తబిత గారికి ఆ బెంగే లేదు. ఏముంటాయి? రెక్కలు, తోకలు, చక్రాలు.

ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి మహానుభావులు చేరిన గ్రూపు ఒకటుంది. ఎవరో ఒక నలుపు తెలుపు ఫోటో పెడతారు. మంచులో సగం తోక, గడ్డిలో ఒక చక్రం. ఇదేం విమానమో చెప్పండి! మిగతావాళ్లు అన్నం మానేసి దాని మీద పడతారు. జయపాల్ గారు ఆ సగం తోక చూసి కంపెనీ, మోడలు, ఇప్పుడది ఏ దేశంలో ఏ షెడ్డులో తుప్పు పడుతోందో కూడా చెప్పేస్తారు. దీనివల్ల ఎవరికేం లాభం అంటారా? మీరు రోజంతా ఫోన్‌లో చూసేవాటి వల్ల ఎవరికేం లాభం!

అంత నిశితమైన చూపున్నవారికి చిల్లర విషయాలు ఆనకపోవడం సహజం. బీరకాయలు తెమ్మంటే పొట్లకాయలు తెస్తారు. స్టాండులో పక్కవాడి స్కూటరెక్కి ఇంటికొచ్చేస్తారు. ఆమధ్య చర్చి గుమ్మంలో సామ్యేలు మాస్టారి చెయ్యి పట్టుకుని, "నాన్నగారు కులాసాయేనాండీ?" అని ఆప్యాయంగా అడిగారు. ఆ నాన్నగారి భూస్థాపనలో పెట్టె మోసినవాళ్లలో ఈయనా ఒకరు. తబిత గారు కొత్త కళ్లజోడు పెట్టుకుని, అది పాతబడేదాకా తిరిగినా ఆయన కంట్లో పడలేదు. ఆవిడకు తోక లేదు మరి.

ఆయన నిఘంటువులో ఒక ముఖ్యమైన మాట ఉంది: అడ్డు. విమానానికీ చూసేవాడికీ మధ్య ఏదొచ్చినా అడ్డే. చెట్టు అడ్డు, డ్రమ్ము అడ్డు. మనిషైతే మరీ అడ్డు.

తబిత గారి తల్లి రూతమ్మ గారు నిరుడు కన్నుమూశారు. చివరి రోజులన్నీ మంచం మీదే గడిచాయి. ఆవిడ పళ్లు కనబడేలా నవ్విన ఫోటో ఒక్కటే ఉంది. పెళ్లి కాని రోజుల్లో, వరిచేల మీద పురుగుమందు చల్లే విమానం ఒకటి కోరుకొండ పక్కన దిగితే ఊరంతా చూడ్డానికి వెళ్లిందట. దాని చక్రం ముందు నిలబడి, కొంగు ఎగిరిపోతుంటే పట్టుకుని నవ్వేస్తున్న ఫోటో అది.

"ఏవండీ, అమ్మని అందరూ మంచం మీదే చూశారు. జ్ఞాపకార్థ కూడికకి ఈ ఫోటోనే ఫ్లెక్సీ వేయించండి. ఒక్కసారి నవ్వుతూ కనబడాలండీ," అన్నారు తబిత గారు.

జయపాల్ గారు ఫోటోను ఫోన్‌లోకి ఎక్కించుకున్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే కళ్లు చెమర్చాయి. అలాంటి మోడలు ఆయన జన్మలో చూడలేదు! గ్రూపులో పెట్టగానే యుద్ధం మొదలైంది. మన దేశానిదని కొందరు, కాదు అమెరికాదని కొందరు. చక్రం కనబడితేనే తేలుతుందన్నారు పెద్దలు. చక్రానికి అడ్డంగా ఎవరో ఒకావిడ ఉంది.

ఇప్పటి ఫోన్‌లలో అడ్డు తొలగించే సదుపాయం ఉంది కదా! జయపాల్ గారు వేలితో అత్తగారి చుట్టూ ఒక గీత గీశారు. రూతమ్మ గారు మాయమయ్యారు. ఆవిడ ఉన్నచోట ఫోన్ తనకు తోచిన చక్రం ఒకటి బిగించింది. ఆ లేని చక్రాన్ని చూసి ప్రపంచ మేధావులంతా ఏకగ్రీవంగా పేరు తేల్చేశారు. అభినందనలు కురిశాయి! ఆ సంబరంలోనే ఫ్లెక్సీ షాపుకు ఫోటో పంపేశారు.

కాసేపటికి షాపు యజమాని నిరంజన్ ఫోన్ చేశాడు.

"ఏవండీ, ఫోటోలో మనిషి లేరండి. విమానమే ఉందండి."

"ఆ, అదేనండి! క్లియర్‌గా ఉంది కదా? వేసేయండి."

కూడిక నాడు పందిట్లో ఫ్లెక్సీ విప్పారు. పైన 'ప్రభువునందు నిద్రించిన శ్రీమతి రూతమ్మ గారు'. కింద పురుగుమందు విమానం. బంధువులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు అనుభవజ్ఞులు, ప్రసంగంలోకి రెక్కలు తెచ్చి ఎలాగో కలిపేశారు. తబిత గారు మాత్రం ఆ విమానం వైపే చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

జయపాల్ గారు గబగబా భార్య దగ్గరికొచ్చారు. "పొరపాటైంది తబితా. అత్తయ్యగారు చక్రానికి అడ్డొచ్చారని..." నాలుక కరుచుకున్నారు గానీ మాట అప్పటికే బయటపడింది.

తబిత గారు కళ్లు తుడుచుకున్నారు. హ్యాండ్‌బ్యాగులోంచి అసలు ఫోటో తీసి, గుండెలకు ఆనించి పట్టుకుని, బంధువులందరినీ పక్కన నిలబెట్టుకున్నారు. ఫోటోగ్రాఫర్‌తో నెమ్మదిగా చెప్పారు.

"బాబూ, ఆయన్ని కొంచెం జరగమనండి. అమ్మకి అడ్డొస్తున్నారు."

జయపాల్ గారు జరిగారు. "ఇంకా" అన్నారు తబిత గారు. ఆయన ఇంకా జరిగారు.

మర్నాడు ఆ ఫోటో బంధువుల గ్రూపులోకి వచ్చింది. మధ్యలో తబిత గారు, ఆవిడ చేతుల్లో నవ్వుతున్న రూతమ్మ గారు, చుట్టూ చుట్టాలు. ఒక అంచున నీలం చారల చొక్కాలోంచి మోచెయ్యి ఒకటి పొడుచుకొచ్చింది. 'ఈ చెయ్యి ఎవరిదండీ?' అని ఎవరో అడిగారు.

సగం తోకతో విమానం పేరు చెప్పే మనిషికి అదెంత పని? జూమ్ చేయకుండానే పోల్చుకున్నారు. జవాబు టైపు చేస్తుండగానే వంటింట్లోంచి తబిత గారి మెసేజ్ వచ్చి పడింది.

'ఏమోనండీ, మేమూ గుర్తుపట్టలేకపోయాం.'