ఇంద్రసేన గారి ఒరిజినల్ ఇంజన్

పాత కారులో కొత్త ఇంజన్ పెట్టడమంటే తాతగారి ఫొటోకి మన తలకాయ అతికించడమేనని ఇంద్రసేన గారు 2013లో నారాయణగూడ చౌరస్తాలో మైకు పట్టుకుని ప్రకటించారు. ఆయన పాతకార్ల పరిరక్షణ కమిటీకి చైర్మన్. ఒరిజినల్ ఇంజన్ ఉన్న బండికే సర్టిఫికెట్. డూప్లికేట్ ఇంజన్ దొరికితే బహిరంగంగా పగలగొట్టడమే. ఆ నిక్కచ్చితనానికి నా కళ్లు చెమర్చాయి.

మర్నాడు నేను చిక్కడపల్లిలో మెకానిక్ మాసయ్య షెడ్డులో చాయ్ తాగుతుంటే సార్ పీఏ జగదీశ్వర్ వచ్చాడు.

“మాసన్నా, సార్ వాళ్ల తాత కారుది పాత ఇంజన్ ఇంక ఉన్నదా?”

నాలుగేళ్ల కింద ఏసీ కోసం సార్ ఆ కారుకు కొత్త డీజిల్ ఇంజన్ పెట్టించుకున్నారు. పాతది తుక్కు కింద అమ్మెయ్యమన్నారు. మాసయ్యకు మనసు రాలేదు. గోనెపట్టా కప్పి, నూనె రాస్తూ దాచుకున్నాడు.

“మా నాయిన బిగించిన ఇంజనే ఇది. మళ్ల కార్ల పెడ్తరా?” మాసయ్య ముఖం వెలిగిపోయింది.

“పెట్టుడేంది? నంబర్ చాలు.”

జగదీశ్వర్ ఇంజన్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాడు. అచ్చు పడింది. దాన్ని దరఖాస్తుకు అతికించారు. చైర్మన్ గారి బానెట్ ఎత్తడం మర్యాద కాదని కమిటీ ఇన్‌స్పెక్టర్ ఎత్తలేదు. మొట్టమొదటి సర్టిఫికెట్ సార్‌కే దక్కింది.

వారం తర్వాత అదే ఇన్‌స్పెక్టర్ షెడ్డు తనిఖీకి వచ్చి, గోనెపట్టా తీసి నంబరు చదివి అదిరిపడ్డాడు.

“ఈ ఇంజన్ చైర్మన్ సార్ కార్ల ఉన్నది కదా! మరి ఇదేంది?”

“అసలుది ఇదే సార్. కార్ల ఉన్నదే వేరే. జర బానెట్ లేపి చూడుండ్రి, మీ కాళ్లు మొక్కుత.”

“సర్టిఫికెట్ ఇచ్చినంక బానెట్ లేపుడు రూల్స్‌ల లేదు.”

ఆదివారం ఆ డూప్లికేట్‌ను పగలగొట్టడానికి అశోక్‌నగర్‌లో షామియానా వేశారు. గ్రూప్స్‌కు చదివే హాస్టల్ పిల్లలు కూడా పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చారు. సార్ తమ ఒరిజినల్ కారులో, ఏసీలో దిగి సమ్మెట అందుకున్నారు. ఇంజన్‌కు అడ్డంపడిన మాసయ్యను ఇద్దరు కార్యకర్తలు పక్కకు లాగారు.

“మీ తాతది సార్ అది!”

“మా తాత పేరు మీదనే డూప్లికేటా?” సార్ సమ్మెట పైకెత్తారు.

మొదటి దెబ్బ ఆయనే వేశారు. మేమంతా చప్పట్లు కొట్టాం. డూప్లికేట్ అయితేనేం, గట్టి సరుకు. పదకొండు దెబ్బలకు గానీ పగల్లేదు.